వాల్వు ఆపరేషన్ అయిన ఏడు వారాలకు అమ్మకు పళ్ళు జివ్వుమంటున్నాయి, ఇప్పుడు పళ్ళ డాక్టరుకు చూపించవచ్చా?

ప్రశ్న: నెల్లూరు నుంచి ఒక కూతురు

అందరికీ నమస్కారం. మా అమ్మకు 54 ఏళ్ళు. చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరం వల్ల గుండెలోని మైట్రల్ వాల్వు బిగుసుకుపోయిందని రెండేళ్ళుగా మందులు వాడుతూ వచ్చాము. చివరికి ఏడు వారాల క్రితం చెన్నైలో ఆపరేషన్ చేసి మెటల్ వాల్వు అమర్చారు. దేవుడి దయ వల్ల గుండె విషయంలో అంతా బాగానే ఉంది. గాయం మానింది, ఉదయం సాయంత్రం వీధి చివరి దాకా నడుస్తోంది. ఇప్పుడు నెల్లూరులో మా ఇంట్లోనే ఉంటోంది.

అయితే ఆపరేషన్ అయిన మూడో వారం నుంచి అమ్మకు పళ్ళు జివ్వుమనడం మొదలైంది. మొదట ఫ్రిజ్ నీళ్ళకే అలా అనిపించేది. ఇప్పుడు కుండ నీళ్ళు తాగినా, మజ్జిగ తాగినా ఎడమ దవడ పట్టుకుని కళ్ళు మూసుకుంటోంది. ఒక నిమిషంలోపే తగ్గిపోతుంది కానీ, ఆ భయంతో ఎడమ వైపు నమలడం మానేసింది, కూరలు పక్కకు నెట్టి వారం రోజులుగా జావతోనే సరిపెట్టుకుంటోంది. పళ్ళు తోముకుంటే రక్తం వస్తోందని బ్రష్షు కూడా మానేసి, వేలికి పళ్ళపొడి అద్దుకుని రుద్దుకుంటోంది.

అమ్మ పుట్టి పెరిగింది కనిగిరి దగ్గర పల్లెలో, బోరు నీళ్ళ మీద. పళ్ళ మీద గోధుమరంగు చారలు చిన్నప్పటి నుంచీ ఉన్నాయి కానీ, ఎప్పుడూ ఇలా బాధపెట్టలేదు. ప్రస్తుతం రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రామ్, ఒంట్లో నీరు పోవడానికి లాసిక్స్, గుండె వేగం తగ్గించడానికి మెటోప్రొలాల్ వాడుతోంది. 21 రోజులకు ఒకసారి పెనిసిలిన్ సూది వేయిస్తున్నాము. నీళ్ళు రోజుకు లీటరున్నర దాటవద్దన్నారు. రెండు వారాల క్రితం, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే పరీక్షలో ఐఎన్‌ఆర్ 2.8 వచ్చింది.

ఇక్కడ ఇద్దరు పళ్ళ డాక్టర్లను కలిశాను. ఒకాయన ఎసిట్రామ్ నాలుగు రోజులు ఆపి తీసుకువస్తే క్లీనింగ్ చేసి పంపుతానన్నారు. రెండో చోట గుండె ఆపరేషన్ సంగతి వినగానే, ఆరు నెలల దాకా నోరు కూడా చూడలేమని గుమ్మంలోనే చెప్పేశారు. ఒకరి మాటకూ ఇంకొకరి మాటకూ పొంతన లేదు. ఇది ఆపరేషన్ వల్ల వచ్చిందా, మందుల వల్ల వచ్చిందా, ఇంట్లో ఏం చేయవచ్చు, ఎసిట్రామ్ ఆపవచ్చా? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.


జవాబు: ఒంగోలు దంతవైద్యుడు

అమ్మా, ముందుగా మీ చివరి ప్రశ్నకు జవాబు. మీ అమ్మగారి గుండె డాక్టరు స్వయంగా చెబితే తప్ప, పళ్ళ కోసం ఎసిట్రామ్ ఒక్క పూట కూడా ఆపకండి. మెకానికల్ వాల్వు మీద రక్తం గడ్డకట్టకుండా కాపాడుతున్నది ఆ మాత్రే. చిగుళ్ళ నుంచి కారే రక్తాన్ని గుడ్డ పెట్టి, కుట్టు వేసి ఆపగలం. వాల్వుకు అడ్డం పడిన గడ్డను, లేదా అక్కడి నుంచి మెదడుకు వెళ్ళిన గడ్డను అలా ఆపలేము. ఐఎన్‌ఆర్ 3.5 లోపు ఉన్నప్పుడు ఒకటి రెండు పళ్ళు తీయడం కూడా మాత్ర ఆపకుండానే చేస్తాము. ఇక పళ్ళు జివ్వుమన్నంత మాత్రాన మాత్ర ఆపవలసిన అవసరం ఎక్కడిది?

ఆరు నెలల దాకా నోరు చూడకూడదన్న మాట కూడా సరికాదు. అత్యవసరం కాని పనులను, అంటే గార తీయడం, క్యాపులు పెట్టడం వంటివాటిని వాల్వు ఆపరేషన్ తర్వాత మూడు నుంచి ఆరు నెలలు వాయిదా వేయమంటారు, అది నిజమే. కానీ అద్దం పెట్టి నోరు చూడడానికీ, ఎక్స్‌రే తీయడానికీ, జివ్వుమనే పంటి మీద ఫ్లోరైడ్ వార్నిష్ పూయడానికీ చిగురును కదపనవసరం లేదు కాబట్టి, ఆ పనులకు గడువూ అక్కరలేదు, వాల్వుకు క్రిములు పట్టకుండా ఇచ్చే ముందస్తు యాంటీబయాటిక్ కూడా అక్కరలేదు.

ఇక కారణం సంగతి. పంటి పైపొర కింద ఉండే డెంటిన్ నిండా కంటికి కనిపించనంత సన్నని గొట్టాలు ఉంటాయి, వాటిలో ద్రవం ఉంటుంది. పైపొర అరిగినా, చిగురు కిందికి జారి వేరు బయటపడినా ఆ గొట్టాల మూతులు తెరుచుకుంటాయి. చల్లనిదో పుల్లనిదో తగిలినప్పుడు లోపలి ద్రవం కదిలి, ఆ కదలిక నరానికి తెలుస్తుంది. అదే మీ అమ్మగారిని దవడ పట్టుకునేలా చేస్తోంది. కనిగిరి ప్రాంతపు ఫ్లోరైడ్ నీళ్ళతో పెరిగిన పళ్ళకు పైపొర గుల్లబారి ఉండి, తొందరగా పెచ్చులూడుతుంది. యాభై ఏళ్ళు మోసుకొచ్చిన ఆ బలహీనత ఇప్పుడు బయటపడడానికి నోరు ఎండిపోవడం ఒక కారణం కావచ్చు. లాసిక్స్ ఒంట్లో నీటిని బయటికి పంపుతుంది, పైగా తాగే నీళ్ళకు కొలత పెట్టారు. లాలాజలం తగ్గితే నోటిలోని పులుపును విరిచే దిక్కు ఉండదు. దీనికి తోడు వేలితో పళ్ళపొడి రుద్దడం. చాలా పళ్ళపొడులు గరుకుగా ఉండి, చిగురు అంచున ఉండే మెత్తటి భాగాన్ని గీకేస్తాయి.

బ్రష్షు మానడం గురించి కాస్త గట్టిగా చెప్పవలసి ఉంది. రక్తం వస్తోందని బ్రష్షు మానితే చిగుళ్ళు ఇంకా వాచి, ఇంకా రక్తం వస్తుంది. వాచిన చిగుళ్ళ నుంచి అన్నం నమిలినా సూక్ష్మక్రిములు రక్తంలోకి దిగుతాయి. కొత్త వాల్వుకు అది అసలైన ప్రమాదం. బాగా మెత్తటి బ్రష్షు కొనండి, గోరువెచ్చని నీళ్ళలో ఒక నిమిషం నానబెట్టి ఇవ్వండి, రోజుకు రెండు సార్లు తోమించండి. వారం పది రోజుల్లో రక్తం తగ్గాలి. తగ్గకపోయినా, తోమనప్పుడు కూడా దానంతట అదే కారినా ఐఎన్‌ఆర్ చూపించండి.

పేస్టు విషయానికి వస్తే, 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్నదని డబ్బా మీద చూసి కొనండి, అందులో ఫ్లోరైడ్ కూడా ఉంటే మంచిది. పళ్ళ మీద చారలు పడేది పళ్ళు తయారయ్యే చిన్న వయసులో మాత్రమే కాబట్టి, ఈ వయసులో పేస్టులోని ఫ్లోరైడ్ వాటిని పెంచదు, పైగా పైపొరను గట్టిపరుస్తుంది. రాత్రి తోమిన తర్వాత శనగగింజంత పేస్టును వేలితో ఆ ఎడమ పళ్ళ మొదళ్ళకు మెల్లగా రాసి, ఉమ్మేసి, పుక్కిలించకుండా పడుకోమనండి. దీని గుణం రెండు నుంచి నాలుగు వారాలకు గానీ తెలియదు. మూడు రోజులు వాడి పనిచేయలేదని వదిలేసేవాళ్ళను నేను రోజూ చూస్తుంటాను.

నొప్పి మాత్రల జోలికి మాత్రం మీ అంతట మీరు వెళ్ళకండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఎసిట్రామ్‌తో కలిస్తే రక్తస్రావం తెస్తాయి. పంటి నొప్పికి మందుల షాపులో అలవాటుగా ఇచ్చే మెట్రోనిడజోల్ ఐఎన్‌ఆర్‌ను బాగా పెంచుతుంది. నోటిపూతకు రాసే మైకొనజోల్ జెల్ కూడా అంతే. పైపూత మందే కదా అని చాలామంది దాన్ని లెక్కచేయరు.

నాకు ఇంకా కొన్ని సంగతులు తెలియాలి. చల్లనిది తీసేశాక కూడా నొప్పి చాలాసేపు ఉంటోందా? రాత్రి నిద్రలో లేపుతోందా? కొరికితే ఒక్క పన్నే నొప్పి పుడుతోందా? చిగురు మీద పొక్కు ఉందా? వీటిలో ఏ ఒక్కటి అవునన్నా అది పంటిలో చీము కావచ్చు, అది మూడు నెలలు ఆగదు, వెంటనే చూపించాలి. ఇంకొకటి, అమ్మగారు పగలంతా నోట్లో ఏం వేసుకుంటున్నారో కొంచెం గమనించండి. నిమ్మకాయ, ఉసిరికాయ, చింతకాయ, ఊరగాయ, ఏదైనా సరే.


జవాబు: కావలి నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

తల్లీ, నాకు నాలుగేళ్ళ క్రితం బైపాస్ జరిగింది. డాక్టరుగారు చెప్పినదానికి చేర్చవలసింది నా అనుభవంలో ఒకటుంది, మీ అమ్మగారి విషయంలో అది వర్తించకపోయినా ఇది చదివే మరొకరికి పనికిరావచ్చు.

ఆపరేషన్‌కు ముందు నాకు ఛాతీలో నొప్పి రాలేదు. నరసింహకొండ మెట్లు ఎక్కుతుంటే కింది దవడ లాగినట్లుండేది, కూర్చుంటే పోయేది. పంటి నొప్పి అనుకుని వెళితే, ఎడమ వైపు దంతం ఒకటి తీసేశారు. పన్ను పోయింది కానీ నొప్పి పోలేదు. నెల తర్వాత బస్సు కోసం నాలుగు అడుగులు పరుగెత్తేసరికి అదే దవడ పట్టేసి, చెమటలు పోశాయి. యాంజియోగ్రామ్‌లో మూడు రక్తనాళాలు మూసుకుపోయాయని తేలింది. అందుకే, చన్నీళ్ళు తగిలినప్పుడు వచ్చే జివ్వు వేరు, నడిచినప్పుడు వచ్చి కూర్చుంటే తగ్గే దవడ నొప్పి వేరు. రెండోది వస్తే పళ్ళ డాక్టరు దగ్గరకు కాదు, నేరుగా గుండె ఆసుపత్రికి వెళ్ళాలి.

బైపాస్ తర్వాత నాకూ పళ్ళు జివ్వుమన్నాయి. ఐసీయూలో అయిదు రోజులు పళ్ళు తోముకోలేదు, ఇంటికి వచ్చాక కుడి చేయి ఎత్తితే రొమ్ము ఎముక దగ్గర లాగేది కాబట్టి, మరో నెల రోజులు పైపైన కానిచ్చాను. పళ్ళ డాక్టరు కుర్చీలో వెల్లకిలా పడుకోలేక, ఎముక అతుక్కునేదాకా రెండు నెలలు ఆగాను. తర్వాత క్లీనింగ్ చేయించుకున్నప్పుడు, మా వీధిలో వాల్వు మార్పించుకున్న ఒకరి మాట విని యాంటీబయాటిక్ అడిగితే, బైపాస్ అయినవారికి అది అక్కరలేదని డాక్టరు చెప్పారు. గుండె ఆపరేషన్ అనే ఒక్క మాటతో అందరినీ ఒకే గాటన కడుతున్నాము. మీరు ఎక్కడికి వెళ్ళినా డిశ్చార్జి కాగితం వెంట తీసుకెళ్ళి, ఏ వాల్వు, ఏ రకం అన్నది చూపించండి తల్లీ.


జవాబు: సింగరాయకొండ నుంచి ఒక గృహిణి

చెల్లీ, నేను మెటల్ వాల్వుతో పదిహేడేళ్ళుగా బతుకుతున్నాను. మీ ప్రశ్న చదువుతుంటే నా మొదటి సంవత్సరం గుర్తుకు వచ్చింది. రాత్రి ఇల్లంతా సద్దుమణిగాక నా గుండెలో టిక్కు టిక్కు మనే చప్పుడు నాకే వినిపించేది. మొదట్లో భయపడేదాన్ని, ఇప్పుడు అది వినిపిస్తేనే నిద్రపడుతుంది. ఆ చప్పుడు మొద్దుబారినట్లు అనిపిస్తే ఆలస్యం చేయకుండా రమ్మని మా డాక్టరు చెప్పారు. ఇది అమ్మగారికీ చెప్పి ఉంచండి.

ఎసిట్రామ్ ఆపమన్న మాట నాకూ ఒకరు చెప్పారు. పన్ను తీయించుకోవడానికి వాళ్ళు చెప్పినట్లే నాలుగు రోజులు మానేశాను. పన్ను తేలికగానే వచ్చింది. తర్వాత పరీక్ష చేస్తే ఐఎన్‌ఆర్ 1.3కు పడిపోయింది. గుండె డాక్టరు నన్ను వెంటనే ఆసుపత్రిలో చేర్చుకుని, అది మళ్ళీ పెరిగేదాకా ఎనిమిది రోజులు రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ ఇచ్చారు. పిల్లలు చిన్నవాళ్ళు, మా అత్తగారు ఒక్కరే ఇంట్లో. ఆ ఎనిమిది రోజులు నేను పడిన బాధ మరొకరు పడకూడదనే ఇది రాస్తున్నాను. రెండోసారి పన్ను తీయించుకున్నప్పుడు ముందురోజు ఐఎన్‌ఆర్ చూపించాను, 2.9 వచ్చింది. మాత్ర ఆపలేదు. పన్ను తీసిన చోట రెండు కుట్లు వేసి, రక్తం ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్‌లో తడిపిన గుడ్డ అరగంట కరిచిపట్టుకోమన్నారు. ఉమ్మిలో ఆ సాయంత్రం దాకా కొద్దిగా ఎర్రదనం కనిపించింది, అంతే.

మీరు రాసినదానిలో నన్ను కలవరపెట్టింది పళ్ళ నొప్పి కాదు, అమ్మగారు వారం రోజులుగా జావతో సరిపెట్టుకోవడం. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఎసిట్రామ్‌కు ఎదురు పనిచేస్తుంది. రోజూ తినే గోంగూర, తోటకూర ఒక్కసారిగా మానేస్తే మాత్ర బలం ఎక్కువై, ఐఎన్‌ఆర్ పైకి పోతుంది. నాకు ఒకసారి జ్వరంలో ఇలాగే 5 దాటింది. అందువల్ల రెండు వారాల నాటి 2.8ని నమ్ముకోకుండా రేపే పరీక్ష చేయించండి. కూరలు మెత్తగా ఉడికించి, గోరువెచ్చగా పెడితే పళ్ళకు తగలదు, తిండి కూడా మారదు.


జవాబు: ఒంగోలు దంతవైద్యుడు

సింగరాయకొండ సోదరి చెప్పిన తిండి సంగతి చాలా ముఖ్యం. అది నేను ముందే అడగవలసింది.

యాంటీబయాటిక్ ప్రస్తావన వచ్చింది కాబట్టి మీ అమ్మగారికి సంబంధించి ఒక మాట. కృత్రిమ వాల్వు ఉన్నవారికి పన్ను తీసేముందు, చిగుళ్ళ లోపల గార తీసేముందు, మామూలుగా అమాక్సిసిలిన్ 2 గ్రాములు ఒకే మోతాదుగా అరగంట నుంచి గంట ముందు ఇస్తాము. అయితే మూడు వారాలకు ఒకసారి పెనిసిలిన్ సూది వేయించుకునేవారి నోట్లో ఆ జాతి మందుకు లొంగని క్రిములు ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, అజిత్రోమైసిన్ వంటి వేరే జాతి మందును ఎంచుకోవాలి. పెనిసిలిన్ సూది ఎలాగూ పడుతోంది కదా, అదే సరిపోతుంది అనుకోవడం పొరపాటు. అది రుమాటిక్ జ్వరం తిరిగి రాకుండా ఇచ్చేది, మోతాదు వేరు, ఉద్దేశం వేరు. క్లీనింగ్ రోజు వచ్చినప్పుడు ఈ సూది సంగతి చేసే డాక్టరుకు మీరే గుర్తు చేయండి, ఏ మందు ఇవ్వాలో గుండె డాక్టరు చేత రాయించుకోండి.

ఇంకొకటి. వాల్వు ఉన్న మనిషికి జ్వరం వచ్చి రెండు రోజులు ఉంటే, మందుల షాపులో యాంటీబయాటిక్ కొని వేయకండి. వాల్వుకు క్రిములు పట్టాయేమో తేల్చేది రక్తపు కల్చర్ పరీక్ష. దానికి ముందే యాంటీబయాటిక్ పడితే క్రిమి పరీక్షలో దొరకకపోవచ్చు, జబ్బు మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది. జ్వరానికి పారాసిటమాల్ ఒకటి వేసి, నేరుగా గుండె ఆసుపత్రికి తీసుకెళ్ళండి.


పన్నెండు రోజుల తర్వాత: నెల్లూరు నుంచి అదే కూతురు

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

డాక్టరుగారు అడిగిన ప్రశ్నకు జవాబు ఆ మరునాడే దొరికింది. అమ్మ దిండు పక్కన చిన్న స్టీలు డబ్బా ఉంది. అందులో తులసి ఆకులు పెట్టుకుంటుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. మూత తీస్తే నిమ్మ చెక్కలు, సన్నగా కోసినవి, ఉప్పు కూడా లేకుండా. పొదలకూరు నుంచి మా పిన్ని పంపిన నిమ్మకాయలు. నీళ్ళు కొలిచి ఇస్తుంటే దాహానికి తట్టుకోలేక, అడిగితే మేము బాధపడతామని, ఒక్కొక్క చెక్క ఎడమ దవడలో పెట్టుకుని గంటల తరబడి చప్పరిస్తోందట. ఆసుపత్రిలో పక్క మంచం ఆవిడ చెప్పిన ఉపాయమట. "నీళ్ళు ఎక్కువ తాగితే వాల్వుకు బరువని మీరే అంటిరి గదమ్మా, ఇది నీళ్ళు కాదు గదా" అన్నది. నాకు మాట రాలేదు.

ఐఎన్‌ఆర్ చూపిస్తే 4.1 వచ్చింది. చెన్నైకి ఫోన్ చేస్తే ఆ రాత్రి మాత్ర మాత్రం మానిపించి, మోతాదు కొంచెం తగ్గించారు. అయిదు రోజుల తర్వాత చూస్తే 3.1 ఉంది.

తర్వాత వేరొక పళ్ళ డాక్టరు దగ్గరకు డిశ్చార్జి కాగితంతో వెళ్ళాము. ఆవిడ ఓపికగా చూశారు. పిప్పి పళ్ళు లేవు, చీము లేదు. ఎడమ వైపు కింద మూడు పళ్ళకు చిగురు అంచున గోటితో గీసినట్లు గాట్లు ఉన్నాయని అద్దంలో నాకూ చూపించారు. చిగురు ముట్టకుండా వార్నిష్ పూశారు. క్లీనింగ్ నాలుగో నెలలో చేద్దామని, అంతకు ముందు గుండె డాక్టరు చేత మందు రాయించుకు రమ్మని చెప్పారు.

డబ్బా తీసేశాను. లీటరున్నర నీళ్ళు పొద్దున్నే ఒక సీసాలో పోసి, అమ్మ చేతికే ఇస్తున్నాను, గుటక గుటకగా తనే పంచుకుంటోంది. నోరు మరీ ఎండితే పుక్కిలించి ఉమ్ముతోంది, తడి గుడ్డతో పెదవులు అద్దుకుంటోంది, ఒక ఏలకు పలుకు నోట్లో వేసుకుంటోంది. వారం తిరగకముందే బ్రష్షు మీద ఎర్రదనం పోయింది. చేపల పులుసు అడుగుతోంది, పులుపు తగ్గించి చేశాను. నిన్న సాయంత్రం నడిచి వచ్చి కుండ నీళ్ళు తాగింది. దవడ మీదికి చేయి వెళ్ళింది కానీ, కళ్ళు మూసుకోలేదు.